బొమ్మలో పాము కనబడితే: క్రైస్తవ చిత్రాల్లో, శిల్పాల్లో సర్పాన్ని ఎలా చదవాలి

చర్చి గోడ మీదో, మ్యూజియంలోనో, పాత బైబిలు బొమ్మల్లోనో పాము కనబడగానే "సాతాను" అనేసి ముందుకు వెళ్ళిపోతుంటాం. చాలాసార్లు ఆ మాట సరిపోతుంది. సరిపోనప్పుడు మాత్రం బొమ్మ మొత్తం తలకిందులవుతుంది. ఎందుకంటే క్రైస్తవ కళలో పాము శోధకుడికి గుర్తు, సిలువ మీది క్రీస్తుకూ గుర్తే. వివేకానికి గుర్తు, అసూయకూ గుర్తే. ఏది ఎప్పుడో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాన్ని వరసగా పాటిస్తే పది నిమిషాల్లో ఒక బొమ్మలోని పాము సంగతి తేలిపోతుంది.

పద్ధతికంతటికీ మూలం ఒకే ప్రశ్న: పాము ఎక్కడ ఉంది? అది ఎలా ఉందన్నది ఆ తర్వాతి మాట.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

తెలుగు బైబిలు, నోటు పుస్తకం, పెన్సిలు. నిజమైన చర్చికి వెళ్తుంటే 8 రెట్లు పెద్దదిగా చూపే చిన్న బైనాక్యులర్ ఒకటి. 10 రెట్లది చేతిలో వణుకుతుంది, చీకటి పైకప్పు కింద అంతగా పనికిరాదు. సిస్టీన్ చాపెల్ కప్పు నేల నుంచి దాదాపు 20 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి పాము మొహం మామూలు కంటికి ఆనదు. ఇంట్లో కూర్చుని చూస్తుంటే ఆ బొమ్మ ఉన్న మ్యూజియం సొంత సైటులోని పెద్ద ఫొటో తెరవండి. వాట్సాప్‌లో తిరిగే ఫొటోలను అంచులు కోసేసి పెడతారు. పాము అర్థం చాలాసార్లు ఆ అంచుల్లోనే ఉంటుంది.

బైబిలులో ఈ చోట్ల కాగితం ముక్కలు పెట్టుకోండి: ఆదికాండము 3, నిర్గమకాండము 7, సంఖ్యాకాండము 21, రెండవ రాజులు 18, కీర్తన 91, మత్తయి 10, యోహాను 3, అపొస్తలుల కార్యములు 28, ప్రకటన 12. బొమ్మల్లోని పాముల్లో ఎక్కువ భాగం ఈ తొమ్మిది చోట్ల నుంచి పాకి వచ్చినవే. మిగిలినవాటిలో చాలావరకు పునీతుల కథల్లోంచి వచ్చాయి.

మొదటి మెట్టు: పాము ఎక్కడుందో ఒక్క వాక్యంలో రాయండి

అర్థం రాయవద్దు, చోటు మాత్రమే రాయండి. "చెట్టుకు చుట్టుకుని ఉంది", "స్తంభం మీద వేలాడుతోంది", "స్త్రీ పాదం కింద ఉంది", "గిన్నెలోంచి తల ఎత్తింది", "మనిషి చేతిని కరిచి పట్టుకుంది", "దండం చివర వంపు తిరిగింది". ఇంతే. ఈ వాక్యం రాయకుండానే అర్థానికి ఎగబడటం దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు.

చెట్టు అయితే ఆదికాండము 3కి, స్తంభమైతే సంఖ్యాకాండము 21కి వెళ్ళండి. పాదం కింద అయితే ఆ పాదం ఎవరిదో చూసి ఆదికాండము 3:15 గానీ, కీర్తన 91:13 గానీ, ప్రకటన 12 గానీ తెరవండి. గిన్నె అయితే పునీతుల కథ. మనిషి చేయి, పక్కన మంట కనబడితే మెలితే దీవిలో పౌలు. సింహాసనం ముందు కర్ర పాముగా మారి ఇతర పాములను మింగుతుంటే ఫరో కొలువులో అహరోను.

రెండవ మెట్టు: ఒంటి లెక్క తీయండి

తలలు ఎన్ని, కాళ్ళు ఉన్నాయా, రెక్కలు ఉన్నాయా, కిరీటం, కొమ్ములు, మనిషి మొహం ఉన్నాయా, నోట్లో ఏముంది అన్నవి చూడండి. ఏదెను పాము విషయంలో ఈ లెక్క ఎంతో విలువైనది. అందుకే ఇక్కడ కాస్త ఆగుదాం.

కాళ్ళున్న పాము కనబడితే బల్లి అనో, చిత్రకారుడి పొరపాటనో అనుకోకండి. "నీ కడుపుతో ప్రాకుచు" అనే శాపం ఆదికాండము 3:14లో వస్తుంది. శాపం తర్వాత పాకిందంటే శాపానికి ముందు నడిచి ఉండాలి కదా అన్నది పాతకాలపు వ్యాఖ్యాతల లెక్క. ఈ లెక్కను పట్టుకుని హ్యూగో వాన్ డెర్ గూస్ 15వ శతాబ్దం చివర ఒక చిన్న చెక్కపలక మీద ఆదాము హవ్వల పతనాన్ని చిత్రించాడు. అది ఇప్పుడు వియన్నాలో ఉంది. అందులో పాము వెనక కాళ్ళ మీద నిలబడి చెట్టును పట్టుకుని ఉంటుంది. ఒళ్ళు ఉడుముది, మొహం మనిషిది. కాబట్టి కాళ్ళు ఉన్నాయంటే బొమ్మలోని క్షణం శాపానికి ముందుది. బొమ్మలో ఘడియ ఎంతయిందో ఆ కాళ్ళే చెప్పేస్తాయి.

స్త్రీ మొహానికీ ఇలాంటి కారణమే ఉంది. 12వ శతాబ్దంలో పెత్రుస్ కొమెస్తోర్ అనే పారిస్ పండితుడు సర్పానికి కన్య మొహం ఉండేదని రాశాడు. తనలాంటిదాన్ని చూస్తేనే ఎవరికైనా మనసు కలుస్తుంది, అందుకే శోధకుడు హవ్వ లాంటి మొహంతో వచ్చాడని ఆయన వివరణ. ఆ తర్వాతి మూడు నాలుగు వందల ఏళ్ళు యూరప్ అంతటా ఆ మొహం కనబడుతుంది. పారిస్ నోత్రదామ్ చర్చి పడమటి ముఖాన మరియమ్మ ద్వారం నడిమి స్తంభం అడుగున చూడండి. ఫ్లోరెన్సులోని బ్రాంకాచి చాపెల్‌లో 1420ల్లో మసోలినో వేసిన గోడచిత్రం చూడండి. మసోలినో బొమ్మలో పాము తల, హవ్వ తల అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. హవ్వ తన ప్రతిబింబం మాటే విన్నట్టు ఉంటుంది. ఇంత సూక్ష్మమైన ఆలోచనను ఒక తల పోలికతో చెప్పడం గొప్ప సంగతి, దాన్ని గమనించకుండా దాటిపోవద్దు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. స్త్రీ మొహం పాము కనబడగానే "ఇది లిలిత్" అని రాసేస్తారు. ఆదాముకు హవ్వ కంటే ముందున్న భార్యగా చెప్పే లిలిత్ కథ యూదుల జానపద సంప్రదాయంలోది. మధ్యయుగపు చర్చి శిల్పులకు దగ్గరగా ఉన్న ఆధారం కొమెస్తోర్ మాట. వేరే రుజువు చేతిలో ఉంటే తప్ప లిలిత్ పేరు రాయకండి.

మైకెలాంజెలో 1508–1512 మధ్య వేసిన సిస్టీన్ కప్పులో పాముకు స్త్రీ మొండెం ఉంటుంది, కింది భాగం మాత్రం లావుపాటి చుట్టలు. ఆ చెట్టు బొమ్మకు సరిగ్గా మధ్యలో ఉంటుంది. చెట్టుకు ఒకవైపు పాము చేయి పండు అందిస్తుంటే, రెండోవైపు దేవదూత చేయి కత్తితో గెంటేస్తుంటుంది. రెండు చేతులూ ఒకే మాను నుంచి మొలిచిన కొమ్మల్లా కనబడతాయి. అదే కాలంలో ద్యూరర్ 1504లో చెక్కిన రాగిరేకు ముద్రలో పాము మామూలు పామే, తల మీద చిన్న కిరీటం లాంటి జుట్టు తప్ప. కింద పిల్లి, ఎలుక పక్కపక్కనే ఉంటాయి, పిల్లి ఇంకా దూకలేదు. పతనం ఇంకా జరగలేదని ఆ పిల్లి చెబుతోంది.

రెక్కలు, కాళ్ళు, ఏడు తలలు, పది కొమ్ములు కలిసి ఉంటే అది ప్రకటన 12లోని ఎర్రని మహాఘటసర్పం (డ్రాగన్). పక్కన సూర్యుణ్ణి ధరించుకున్న స్త్రీ, ఆమె తల మీద పన్నెండు నక్షత్రాలు, పాదాల కింద చంద్రుడు ఉన్నాయేమో చూడండి. తలలు ఒకటే ఉండి, రెక్కలున్నంత మాత్రాన ఘటసర్పం అనుకోవద్దు. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

మూడవ మెట్టు: స్తంభం మీది పామైతే పద్ధతి మార్చండి

ఇత్తడి సర్పం దగ్గర తప్పు చేసినవాళ్ళు బొమ్మను పూర్తిగా తిరగేసి చదువుతారు. సంఖ్యాకాండము 21లో తాపకరమైన సర్పాలు ప్రజలను కరుస్తాయి. అలాంటి పాము ప్రతిమనే చేయించి స్తంభం మీద పెట్టమని దేవుడు మోషేతో చెబుతాడు. కాటు తిన్నవాడు దానివైపు చూస్తే బతుకుతాడు. యోహాను 3:14లో యేసు ఈ సంగతినే తనకు అన్వయించుకున్నాడు: మోషే సర్పాన్ని ఎలా ఎత్తాడో అలాగే మనుష్యకుమారుడు ఎత్తబడాలి. కాబట్టి స్తంభం మీది పాము సిలువకు ముందుగుర్తు, రక్షణకు గుర్తు. నేల మీద పాకుతున్న పాములు మరణం. ఒకే బొమ్మలో రెండు రకాలూ ఉంటాయి. విడివిడిగా చదవండి.

చూడవలసినవి ఇవి. స్తంభానికి అడ్డకొయ్య ఉందా? ఉంటే చిత్రకారుడు సిలువను తలపించాలనే పెట్టాడు, బైబిలులో అడ్డకొయ్య మాట లేదు. మోషే ఎవరు? తల మీద రెండు వెలుగు కిరణాలో రెండు కొమ్ములో ఉన్నవాడు. కొమ్ములు లాటిన్ అనువాదంలోని ఒక మాట వల్ల వచ్చాయి. చివరిగా, ముఖ్యంగా, ఎవరెవరు పైకి చూస్తున్నారు? చూసేవాళ్ళు కోలుకుంటారు, తల దించినవాళ్ళు, వెనక్కి తిరిగినవాళ్ళు చుట్టలకింద నలుగుతుంటారు. ఒక్కొక్క మొహాన్ని వేలితో లెక్కపెడుతూ పోతే ఆ పెద్ద గుంపు రెండుగా విడిపోతుంది. రూబెన్స్ చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఈ లెక్క అభ్యాసం చేయడానికి అది చక్కగా పనికొస్తుంది.

రెక్కల సంగతి. హీబ్రూలో ఈ పాములకు వాడిన మాటనే యెషయా ఎగిరే సర్పానికీ వాడాడు. అందుకే 12వ శతాబ్దపు మ్యూజ్ నదీలోయ ఎనామెల్ పలకల్లో ఇత్తడి సర్పం స్తంభం మీద వాలిన చిన్న రెక్కల మృగంలా ఉంటుంది. దాన్ని చూసి దయ్యం విగ్రహాన్ని పూజిస్తున్నారని రాస్తే కొంప మునిగినట్టే.

వెనిస్‌లోని స్కూవోలా గ్రాండె ది సాన్ రొక్కో అనే భక్తసభ భవనంలో తింతొరెత్తో కప్పు మధ్యన ఇత్తడి సర్పాన్ని 1575–76లో వేశాడు. ఆ సభ ప్లేగు నుంచి కాపాడే పునీతుడు రోచ్ పేరు మీద ఏర్పడింది, అప్పుడు వెనిస్‌ను ప్లేగు పీడిస్తోంది. కాటు తిన్నవాళ్ళ మెలికలు తిరిగిన ఒళ్ళలో ఆ ఊరివాళ్ళు తమ రోగులను చూసి ఉంటారు. బొమ్మ ఎప్పుడు వేశారో, ఎవరి కోసం వేశారో తెలుసుకోకపోతే ఈ వేదన మనకు అందదు.

16వ శతాబ్దపు జర్మనీలో ఇదే పాము లూథరన్ల గుర్తుగా మారింది. క్రానాక్ 1529 ప్రాంతంలో వేసిన ధర్మశాస్త్రం–సువార్త చిత్రాల్లో వెనకాల ఎక్కడో గుడారాల మధ్య స్తంభం, పాము కనబడతాయి. లూథర్ సహచరుడు మెలంక్తన్ ముద్రలోనూ ఇదే ఉంటుంది. చూస్తే చాలు, క్రియలతో పని లేదన్న వాళ్ళ నమ్మకానికి ఇంతకంటే అతికే బొమ్మ దొరకదు. గుంటూరు, రాజమండ్రి లూథరన్ సంఘాల కుటుంబాల్లో పెరిగినవారు ఈ బొమ్మల్లో తమ వాక్యోపదేశాన్నే గుర్తుపడతారు.

ఇప్పటికీ నిలబడి ఉన్నవి రెండు చెప్పాలి. మిలాన్‌లోని సాంత్ అంబ్రోజియో బసిలికాలో స్తంభం మీద ఒక కంచు పాము ఉంది. 11వ శతాబ్దం తొలినాళ్ళలో కాన్‌స్టాంటినోపుల్ నుంచి వచ్చింది, మోషే చేసినదే ఇది అని జనం నమ్మేవారు. కానీ రెండవ రాజులు 18:4 ప్రకారం జనం దానికి ధూపం వేస్తున్నారని హిజ్కియా రాజు మోషే చేసిన పామును ముక్కలు చేయించాడు. జోర్డాన్‌లో నెబో కొండ మీద జొవాన్ని ఫాంతోని చేసిన లోహశిల్పంలో పాము, సిలువ ఒకటైపోయి ఉంటాయి.

ఆస్పత్రి గుర్తుతో దీన్ని కలపకండి. పొట్టి కర్రకు ఒక పాము చుట్టుకుని, చుట్టూ జనం లేకపోతే అది గ్రీకు వైద్యదేవుడు అస్క్లెపియస్ దండం. రెండు పాములు, పైన రెక్కలు ఉంటే హెర్మెస్ దండం. రెండూ బైబిలువి కావు.

నాలుగవ మెట్టు: పాదం కింద పామైతే, పాదం ఎవరిది?

మన తెలుగు బైబిలులో ఆదికాండము 3:15 ఇలా ఉంటుంది: "అది నిన్ను తలమీద కొట్టును, నీవు దానిని మడిమె మీద కొట్టుదువు." ఈ "అది" స్త్రీ సంతానం. పశ్చిమ యూరప్ వెయ్యేళ్ళకు పైగా చదివిన లాటిన్ బైబిలులో మాత్రం ఇక్కడ "ఆమె" అని ఉంది. ఒక్క సర్వనామం తేడా. ఆ తేడా నుంచే పామును తొక్కే మరియమ్మ బొమ్మలన్నీ పుట్టాయి. సంస్కరణవాదులు (ప్రొటెస్టెంట్లు) వచ్చాక ఇది పెద్ద వాదమైంది: తొక్కింది తల్లా, కొడుకా?

కారవాజ్జో 1605–06లో రోములోని సెయింట్ పీటర్స్ బసిలికాలో ఒక పీఠం కోసం వేసిన చిత్రంలో తల్లి పాదం పాము తల మీద, తల్లి పాదం మీద బాలయేసు పాదం. వాదానికి రెండు పాదాలతో జవాబు. పక్కన మరియమ్మ తల్లి అన్నమ్మ నిలబడి చూస్తుంటుంది. ఆ చిత్రాన్ని కొద్ది రోజుల్లోనే అక్కడి నుంచి తీసేశారు. ఇప్పుడది బోర్గేసె గ్యాలరీలో ఉంది. ఇలాంటి బొమ్మ ముందు నిలబడినప్పుడు మొహాలు తర్వాత చూడండి, ముందు పాదాలు లెక్కపెట్టండి.

మన ఇళ్ళల్లో, చర్చిల్లో ఎక్కువగా కనబడే రకం దీని తర్వాతిది. 1830లో పారిస్‌లో కత్రీన్ లబూరే అనే సన్యాసినికి కలిగిన దర్శనం ఆధారంగా 1832 నుంచి పతకాలు పోశారు. భూగోళం మీద నిలబడ్డ మరియమ్మ, కిందికి చాచిన చేతుల నుంచి కిరణాలు, పాదాల కింద పాము. ఈ మూడూ కలిసి ఉంటే ఆ పతకం వంశానికి చెందిన విగ్రహమే. పాము నోట్లో పండు ఉంటే ఏదెను కథ గుర్తు చేస్తున్నారన్నమాట.

లూర్దు మాత వేరు. చేతులు జోడించి, నీలి నడికట్టు, జపమాల, పాదాల మీద పసుపు గులాబీలు. అందులో పాము ఉండదు. విజయవాడ గుణదల కొండ మీది మాత లూర్దు మాతే. గుణదల నుంచి తెచ్చుకున్న బొమ్మ అంటూ పాము ఉన్న విగ్రహాన్ని ఎవరైనా చూపిస్తే చేతులు ఎలా ఉన్నాయో చూడండి, రకం అక్కడే తేలిపోతుంది.

పాదం క్రీస్తుదైతే, ముఖ్యంగా రెండు పాదాల కింద సింహం, పాము ఉంటే, కీర్తన 91:13. రవెన్నాలో బిషప్పు చాపెల్ మొజాయిక్‌లో క్రీస్తు రోమను యోధుడి దుస్తుల్లో, భుజాన సిలువతో అలా నిలబడి ఉంటాడు. అది 500 ప్రాంతం నాటిది.

ఐదవ మెట్టు: పునీతుల చేతిలో పాము

ఇది తొందరగా తేలిపోతుంది. గడ్డం లేని యువకుడు, చేతిలో గిన్నె, గిన్నెలోంచి చిన్న పాము: సువార్తికుడు యోహాను. విషం ఇస్తే ఆయన దీవించి తాగినా ఏమీ కాలేదన్న కథ. పాము రూపంలో విషం బయటికి పోతోంది. నల్లని సన్యాసి దుస్తులు, పగిలిన గిన్నెలో పాము, దగ్గరలో రొట్టె పట్టుకున్న కాకి: బెనెడిక్టు. చేతికి పాము, కింద మంట: పౌలు. కాంటర్బరీ కథీడ్రల్‌లో 12వ శతాబ్దపు గోడచిత్రం ఒకటి దీనికి మంచి ఉదాహరణ. బిషప్పు దుస్తులు, మూడాకుల మొక్క, కాళ్ళ దగ్గర పారిపోతున్న పాములు: పాట్రిక్.

ఘటసర్పంతో ఉన్నవాళ్ళకు: రెక్కలుంటే మిఖాయేలు, గుర్రం ఉంటే జార్జి, సర్పం పొట్టలోంచి లేచి వస్తున్న యువతి అయితే అంతియొకయ మార్గరెట్. కేరళలో జార్జిని గీవర్గీస్ సహదా అంటారు, పాముకాటు నుంచి కాపాడమని ఆయనను వేడుకుంటారు. అక్కడ ఈటె కింది ఘటసర్పాన్ని భక్తులు తమ పొలంలోని పాముగానే చూస్తారు. ఇటలీలోని కొకుల్లో ఊళ్ళో మే 1న పునీత దొమెనికో విగ్రహానికి బతికున్న పాములనే చుట్టి ఊరేగిస్తారు. అక్కడ పాము శత్రువు కాదు, లొంగినది.

ఆరవ మెట్టు: దండాలు, గుణాలు, ఐకన్లు

ప్రాచ్య ఆర్థడాక్స్ బిషప్పుల దండం పైన రెండు పాములు ఎదురెదురుగా, మధ్యలో సిలువ ఉంటుంది. కేరళ సిరియన్ సంప్రదాయంలోనూ రెండు పాముల దండం ఉంది. "పాములవలె వివేకులును" అన్న మత్తయి 10:16 దానికి ఒక ఆధారం, మోషే సర్పం ఇంకొకటి. మన ఊరి రావిచెట్టు కింది జంటనాగుల శిలను చూసిన కంటికి ఇది సంతానం కోసం మొక్కే రాయిలా అనిపించవచ్చు. ఆ పోలిక రూపంలోనే ఉంది, అర్థంలో లేదు.

పాము, అద్దం పట్టుకున్న స్త్రీ వివేకం అనే సద్గుణం. పాదువాలో జొత్తో 1305 ప్రాంతంలో వేసిన అసూయ అనే స్త్రీ నోట్లోంచి పాము వచ్చి వెనక్కి తిరిగి ఆమె కళ్ళనే కాటేయబోతుంది. ఓర్వలేనితనం ఎవరిని కాటేస్తుందో చెప్పడానికి మాటలు అక్కర్లేదు. ఫ్రాన్సులో మొయ్సాక్ చర్చి వాకిట్లో రొమ్ములకు పాములు వేలాడే స్త్రీ కామం అనే పాపం. దీని తొలి రూపం పాములకు పాలిచ్చే రోమను భూదేవి. ఆకారం నిలిచింది, అర్థం తలకిందులైంది. కాబట్టి ఆకారాన్ని బట్టి మాత్రమే అర్థం చెప్పవద్దు.

రష్యన్ ఐకన్లలో (ఆర్థడాక్స్ చర్చి పూజా చిత్రాల్లో) అంత్యతీర్పు బొమ్మ దొరికితే నరకం నుంచి పైకి లేచే పొడవాటి పామును వెతకండి. ఒంటి నిండా ఉంగరాలు, ఒక్కొక్క ఉంగరం ఒక్కొక్క పాపం. దాని నోరు ఆదాము మడమ దగ్గర ఆగుతుంది. ఆదికాండము 3:15లోని మడిమె అక్కడ మళ్ళీ కనబడుతుంది.

ఏడవ మెట్టు: పక్క బొమ్మ చూడకుండా తీర్పు చెప్పవద్దు

మధ్యయుగంలో బొమ్మలను జంటలుగా, త్రయాలుగా పెట్టేవారు. 15వ శతాబ్దపు చెక్కముద్రల "పేదల బైబిలు" పుటల్లో సిలువకు ఒక పక్క ఇస్సాకు బలి, ఇంకో పక్క ఇత్తడి సర్పం ఉంటాయి. మరియమ్మకు దూత శుభవార్త చెప్పే బొమ్మ పక్కన హవ్వ, పాము ఉంటాయి.

హిల్డెస్‌హైమ్ కథీడ్రల్ కంచు తలుపులతో అభ్యాసం చేయండి. బిషప్పు బెర్న్‌వార్డ్ 1015లో పోయించాడు. ఎడమ రెక్క మీద ఆదికాండము పై నుంచి కిందికి దిగుతుంది, కుడి రెక్క మీద క్రీస్తు జీవితం కింది నుంచి పైకి ఎక్కుతుంది. రెక్కకు ఎనిమిది పలకలు. ఎడమవైపు పై నుంచి నాలుగో పలక పట్టుకోండి. దేవుడు ఆదామును వేలెత్తి చూపిస్తాడు, ఆదాము హవ్వను చూపిస్తాడు, హవ్వ కింద నేల మీదున్న పామును చూపిస్తుంది. నిందను ఒకరి నుంచి ఒకరు కిందికి తోసేశారు. ఇక అడ్డంగా కుడివైపు చూడండి: పిలాతు ముందు యేసు. ఆయన ఎవరినీ వేలెత్తి చూపడు. ఎడమవైపు పలక ఒక్కటే చూస్తే పాము ఒక చిన్న మృగం. రెండూ కలిపి చూస్తే తప్పు ఒప్పుకోని తీర్పుకూ తప్పు లేకుండా మోసిన తీర్పుకూ మధ్య నిలిచిన సాక్షి. దానికి సరిగ్గా పైనున్న మూడో జంట కూడా చూడండి: పండు తిన్న చెట్టు, సిలువ కొయ్య.

ఎక్కడ పొరపడతామంటే

మొట్టమొదటిది నాగుల చవితి కన్ను. పుట్టలో పాలు పోసే ఊళ్ళో పాము దేవత, కాపు, సంతానం. యూరప్ శిల్పికి ఆ భావం లేదు. అతని పాముకు పడగ అరుదు. కీర్తన 91లో "నాగుపాము" అన్నది మన అనువాదకులు మనకు తెలిసిన పామును ఎంచుకోవడం వల్ల వచ్చింది. క్రైస్తవ బొమ్మలో పడగ విప్పిన పాము కనబడితే భారతీయ చిత్రకారుడి చెయ్యి ఉందేమో ఆరా తీయండి.

రెండోది మరమ్మతులు. బ్రాంకాచి చాపెల్‌లో ఆదాము హవ్వలకు 1680 ప్రాంతంలో ఆకులు పూశారు, 1980ల శుద్ధిలో తీసేశారు. పాత పుస్తకంలోని ఫొటోలో ఆకులుంటాయి, కొత్త ఫొటోలో ఉండవు. కాబట్టి ఫొటో ఏ ఏటిదో రాసుకోండి. మూడోది, ముద్రల్లో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఒక చిత్రాన్ని చూసి చెక్కిన ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. కుడిపక్క, ఎడమపక్క అన్న వాదనలు మూలచిత్రం మీదే చేయండి. పండు సంగతి కూడా ఇక్కడే: బైబిలు ఆ పండు పేరు చెప్పలేదు. లాటిన్‌లో ఆపిల్‌కూ చెడుకూ దాదాపు ఒకే మాట కావడం వల్ల పడమటి దేశాల్లో ఆపిల్ స్థిరపడింది. బొమ్మలో అత్తిపండు కనబడితే తప్పు అనుకోకండి.

చివరి మెట్టు: నోటు రాయడం

ఐదు గీతలు చాలు. చోటు, ఒంటి లెక్క, ఎవరు తాకుతున్నారు లేదా చూస్తున్నారు, వాక్యం, కాలం–పక్క బొమ్మ. ఈ ఐదూ నిండాకే ఆరో గీతలో అర్థం రాయండి. ఏ గీతైనా ఖాళీగా ఉంటే అర్థం పక్కన "కావచ్చు" అని పెట్టండి. కారవాజ్జో చిత్రానికి ఆ నోటు ఇలా ఉంటుంది:

చోటు: నేల మీద, పాదం కింద. ఒళ్ళు: మామూలు పాము, ఒక తల, కాళ్ళు రెక్కలు లేవు, మెలికలు తిరుగుతోంది, ఇంకా చావలేదు. తాకుతున్నది: తల్లి పాదం, దాని మీద పిల్లవాడి పాదం; అన్నమ్మ చూస్తోంది, తాకడం లేదు. వాక్యం: ఆదికాండము 3:15, లాటిన్ పాఠం "ఆమె". కాలం: 1605–06, రోము, పీఠం కోసం వేసినది. అర్థం: పాపాన్ని తల్లి, కొడుకు కలిసి తొక్కుతున్నారు, బరువు కొడుకుది.